‘టు లెట్’ బోర్డు చెప్పే వ్యాకరణము

మన పట్టణాలలో ఏ వీధిన నడిచినా ఒక ఇంటి గేటుకో, మేడమీది పిట్టగోడకో ‘టు లెట్’ అన్న బోర్డు వ్రేలాడుతూ కనబడుతుంది. కన్నడనాట వున్నా, తమిళనాట వున్నా, ఒడిశాలోగాని మహారాష్ట్రలోగాని వున్నా, ఆ రెండు మాటలకు అర్థము తెలియనివారు అరుదు. ఇంగ్లీషు ఒక్క ముక్క చదువని ముసలమ్మగారుకూడా ఆ బోర్డు చూచి, “ఇల్లు ఖాళీగా వున్నట్టుంది, అద్దె ఎంతో కనుక్కోండి” అంటారు. కొంటెపిల్లలు ఆ రెండు మాటల నడుమ బొగ్గుతో ఒక ‘ఐ’ అక్షరము గీసి, ఇంటిని కాస్తా మరుగుదొడ్డిగా మార్చి పారిపోవడమూ మనము ఎరిగినదే.

మొన్న ఒక సాయంకాలము మా వీధిలో ఏడవ తరగతి చదువుకొనే అమ్మాయి అటువంటి బోర్డునే చూపి మమ్మల్ని ఒక ప్రశ్న వేసింది. “తాతగారూ, టు లెట్ అంటే అద్దెకు ఇవ్వడానికి అని గదా అర్థము? ఏమి ఇవ్వడానికి? బోర్డుమీద నామవాచకము ఏదీ?” అన్నది. మేము బోర్డు వెనకనున్న ఇంటిని చూపి, “అదిగోనమ్మా నామవాచకము. అంత పెద్దది బోర్డుమీద పట్టదని బయటనే వుంచినారు” అన్నాము.

పిల్ల నవ్వింది గాని, నవ్వి వూరుకోలేదు. ఇంటికి పరుగెత్తి తన నోటుపుస్తకము తెచ్చి మా ముందు పెట్టింది. అందులో మూడుచోట్ల ఎర్రసిరా సున్నలు చుట్టి వున్నవి. ‘డెసిషన్ ఆఫ్ గోయింగ్’ అన్నది మొదటిది. ‘పర్మిషన్ ఫర్ గోయింగ్ హోమ్’ రెండవది. ‘ఐ హావ్ నో చైర్ టు సిట్’ మూడవది. తప్పు అని వున్నది గాని, ఎందుకు తప్పో లేదు. “ఎందుకు తప్పు, తాతగారూ?” అన్నది పిల్ల.

ఆమెకు చెప్పిన సమాధానమునే మరికొంత పెంచి ఇక్కడ వ్రాస్తున్నాము. మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో మరొక భాష, బడిలో ఇంగ్లీషు. మూడు గుర్రాలమీద ఒక్కసారి స్వారి చేసే పిల్లలకు పెద్దలు కళ్ళెమైనా పట్టి చూపవలె గదా!

ముందు నడిచే క్రియ, వెనక నడిచే క్రియ

తెలుగులో నామవాచకమునకు సంబంధించిన క్రియ ఎప్పుడూ దానికి ముందే నడుస్తుంది. త్రాగే నీళ్ళు, చేయవలసిన పని, కూర్చోవడానికి చోటు – ఇలా క్రియ ముందు వచ్చి దారి చూపుతుంది, నామము వెనక వచ్చి కూర్చుంటుంది. మన ఇరుగుపొరుగు భాషలన్నిటిదీ ఇదే నడక. కన్నడిగుడు ‘కుడియువ నీరు’ అంటాడు. తమిళుడు ‘కుడిక్క తణ్ణీర్’ అంటాడు. మరాఠీలో ‘ప్యాయలా పాణీ’, ఒడియాలో ‘పిఇబా పాణి’. అన్నిటా త్రాగడము ముందు, నీళ్ళు తరువాత.

ఇంగ్లీషులో ఇది తలక్రిందులు. ‘వాటర్ టు డ్రింక్’ – నీళ్ళు ముందు, త్రాగడము తరువాత. నామము మొదట వచ్చి నిలబడితే, క్రియ ‘టు’ అనే కొక్కెము తగిలించుకొని దాని వెంట వస్తుంది. ‘టు’ చేరిన ఈ క్రియారూపమునకు దగ్గరి చుట్టమును మన వ్యాకరణాలలో తుమర్థకము అంటారు. ‘చూడ వచ్చెను’, ‘చేయ నేర్చెను’ అన్నప్పుడు చూడ, చేయ అన్నవి తుమర్థకాలే. యానాములో పాతతరమువారికి, అనగా 1954లో ఫ్రెంచివారు వెళ్ళకముందు ఆ భాష బడిలో చదువుకొన్నవారికి, ఈ తలక్రిందుల నడక కొత్త కాదు. ఫ్రెంచిలోనూ నామము ముందు, క్రియ వెనక. అయితే అక్కడ కొక్కేలు రెండు: ‘వెళ్ళే నిర్ణయము’ అనడానికి ‘ద’ అనే ముక్క, ‘త్రాగడానికి నీళ్ళు’ అనడానికి ‘ఆ’ అనే ముక్క. ఇంగ్లీషువారు రెండుచోట్లా ‘టు’తోనే సరిపెట్టుకొన్నారు.

నామమునకు తుమర్థకము తగిలించడము మన పెద్దలు ఎరుగనిది కాదు. పాణిని తన అష్టాధ్యాయి మూడవ అధ్యాయములో దీనికొక సూత్రమే చేసినాడు. కాలము, సమయము, వేళ అనే మాటలు వున్నచోట ధాతువుకు ‘తుమున్’ ప్రత్యయము రావచ్చునన్నాడు. ‘భోక్తుం కాలః’ అంటే భుజించుటకు కాలము. ఇంగ్లీషువాడు ‘టైమ్ టు ఈట్’ అనడము అచ్చముగా ఇదే. అచ్చతెలుగులోనూ ‘నిలువ నీడ లేదు’ అంటాము గదా. అందులో ‘నిలువ’ తుమర్థకము, ‘నీడ’ నామవాచకము. కాబట్టి మన పిల్లలు ఇంగ్లీషులో నేర్చుకోవలసినది ఎక్కడో గ్రహాంతరములో పుట్టిన వింత కాదు. మన ఇంటిలో మూలపడివున్న వస్తువే అక్కడ నట్టింట పెట్టి వాడుతున్నారు.

ఏ నామమునకు ‘టు’ వస్తుంది?

చిక్కు అంతా ఇక్కడ వున్నది. తెలుగులో మనము ‘వెళ్ళవలెనన్న నిర్ణయము’ అంటాము, ‘వెళ్ళడానికి అనుమతి’ అంటాము, ‘మాట్లాడే అవకాశము’ అంటాము, ‘చేయవలసిన పని’ అంటాము. నాలుగుచోట్ల నాలుగు రూపాలు. ఇంగ్లీషులో నాలుగింటికీ ఒక్కటే ‘టు’: డెసిషన్ టు గో, పర్మిషన్ టు గో, ఛాన్స్ టు స్పీక్, వర్క్ టు డు. మన పిల్ల తెలుగులో వేరువేరుగా విన్నది గనుక ఇంగ్లీషులోకూడా వేరువేరు ముక్కలు వెదుకుతుంది. ఒకచోట ‘ఆఫ్’, ఒకచోట ‘ఫర్’ పెడుతుంది. ఎర్రసిరా సున్నలు అందువల్ల వచ్చినవే.

దీనికి ఒక సులువు వున్నది. నామము ఏ క్రియనుండి పుట్టిందో, ఏ విశేషణమునుండి పుట్టిందో చూడవలె. తల్లికి ‘టు’ వుంటే బిడ్డకూ సాధారణముగా ‘టు’ వుంటుంది. డిసైడ్ టు గో అంటాము గనుక డెసిషన్ టు గో. ప్రామిస్, ప్లాన్, అటెంప్ట్ అన్నవి క్రియగా వున్నా నామముగా వున్నా ‘టు’నే కోరుతవి. రిఫ్యూజ్ నుండి రిఫ్యూజల్ టు, ఫెయిల్ నుండి ఫెయిల్యూర్ టు, అగ్రీ నుండి అగ్రిమెంట్ టు, పర్మిట్ నుండి పర్మిషన్ టు. ఏబుల్ టు అన్నదానినుండి ఎబిలిటీ టు, విల్లింగ్ టు అన్నదానినుండి విల్లింగ్‌నెస్ టు. పిల్లలు ఈ జంటలను ఎక్కాలవలె పదిసార్లు పైకి చదివితే చెవికి పట్టుబడతవి.

కాని కొందరు బిడ్డలు తల్లి మాట వినరు. ‘హోప్ టు పాస్’ అన్నది క్రియగా సరియే. నామమైనప్పుడు మాత్రము ‘హోప్ ఆఫ్ పాసింగ్’ అనవలె. ‘ప్రిఫర్ టు’ అన్న తల్లికి పుట్టిన ప్రిఫరెన్స్ ‘ఫర్’ను పట్టుకొని వెళ్ళింది. మరికొన్ని నామాలకు మొదటినుండీ ‘టు’తో పొత్తే లేదు. హాబిట్, రిస్క్, డేంజర్, పాసిబిలిటీ – వీటి తరువాత ‘ఆఫ్’ వచ్చి, క్రియకు చివర ‘ఇంగు’ చేరుతుంది. ‘పాసిబిలిటీ టు గో’ అని మనవారు తరచుగా వ్రాస్తారు. అది సరి కాదు.

రెండు విధాలా నడిచే నామాలూ వున్నవి. వాటిదగ్గరే అర్థము మారుతుంది. ‘ఛాన్స్ టు విన్’ అంటే గెలిచే అవకాశము చేతికి వచ్చిందని. ‘ఛాన్స్ ఆఫ్ విన్నింగ్’ అంటే గెలుపు ఎంతవరకు సంభవమని అంచనా. ‘రీజన్ టు లీవ్’ అంటే వెళ్ళిపోవడానికి కారణము వున్నది, ఇంకా వెళ్ళలేదు. ఉద్యోగపు దరఖాస్తులలో ‘రీజన్ ఫర్ లీవింగ్’ అనే గడి వుంటుంది చూడండి. అది పాత కొలువు వదిలిపెట్టి వచ్చినవాడిని అడిగే ప్రశ్న. ఆ పని అయిపోయింది.

ఇంకొక ఉచ్చుకూడా వున్నది. ‘అబ్జెక్షన్ టు గోయింగ్’ అన్నప్పుడు ‘టు’ వున్నదే, మరి ‘గో’ అనక ‘గోయింగ్’ అన్నారేమి? ఆ ‘టు’ వేరు. అది మన షష్ఠీ చతుర్థులవంటి విభక్తి ముక్క. దీనిని కనిపెట్టే ఉపాయము సులభము. ‘టు’ తరువాత క్రియకు బదులు ‘దట్’ పెట్టి చూడండి. ‘అబ్జెక్షన్ టు దట్’ చక్కగా అతుకుతుంది. ‘డెసిషన్ టు దట్’ అతుకదు. దట్ అతికినచోట ‘ఇంగు’, అతుకనిచోట వట్టి క్రియ.

కుర్చీకి తోక

పిల్ల వ్రాసిన మూడవ వాక్యము ‘ఐ హావ్ నో చైర్ టు సిట్’. ఇందులో ‘టు’ సరిగానే వున్నది. మరి తప్పు ఏమిటి? కుర్చీని కూర్చోము, కుర్చీ మీద కూర్చుంటాము. ఆ ‘మీద’ ఇంగ్లీషులో రాలిపోరాదు. ‘చైర్ టు సిట్ ఆన్’ అనవలె.

మనకు ఇది ఎందుకు తట్టదంటే, మన తెలుగు ఆ విభక్తిని గుటుక్కున మింగివేస్తుంది. వ్రాసే కలము, వ్రాసే కాగితము, వ్రాసే వుత్తరము అంటాము. మూడుచోట్లా ‘వ్రాసే’ ఒక్కటే. కలముతో వ్రాస్తాము, కాగితముమీద వ్రాస్తాము, వుత్తరమునే వ్రాస్తాము అన్న తేడా మన మనసులో వుంటుంది గాని మాటలో వుండదు. ఇంగ్లీషు ఆ లెక్క తేల్చందే వదలదు: పెన్ టు రైట్ విత్, పేపర్ టు రైట్ ఆన్, లెటర్ టు రైట్. వుత్తరమునకు మాత్రము తోక లేదు, ఎందుకంటే అది నేరుగా వ్రాయబడేది. వంటింటిలోనూ ఇంతే. కత్తి ‘టు కట్ విత్’, వంకాయ ‘టు కట్’. ‘నిలువ నీడ’కు ఇంగ్లీషు చెప్పవలసివస్తే చివర ‘ఇన్’ పెట్టక తప్పదు.

ఎవరు చేసే పని?

నామమునకు తగిలిన ఆ క్రియను చేసేది ఎవరో ‘టు’ చెప్పదు. దానిని నామమే చెప్పవలె. ఆసుపత్రిలో వున్న రోగి విషయములో ‘డాక్టర్స్ పర్మిషన్ టు గో హోమ్’ అంటే ఇంటికి వెళ్ళేది రోగి. ‘డాక్టర్స్ డెసిషన్ టు గో హోమ్’ అంటే ఇంటికి వెళ్ళేది డాక్టరుగారే! మాట ఒక్కటి మారితే మనిషే మారిపోయినాడు. వాగ్దానము, నిర్ణయము, ప్రయత్నము – వీటిలో చేసేది నామముయొక్క యజమాని. ఆజ్ఞ, అనుమతి, సలహా – వీటిలో చేసేది అవతలివాడు. డబ్బు సంగతిలో ఈ తేడా మరీ ముఖ్యము. ప్రామిసరీ నోటు వ్రాసినవాడు తాను చెల్లిస్తానని మాట యిస్తాడు. చెక్కు వ్రాసినవాడు బ్యాంకును చెల్లించమని ఆజ్ఞాపిస్తాడు. మొదటిది ‘ప్రామిస్ టు పే’, రెండవది ‘ఆర్డర్ టు పే’. 1881నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము ఈ రెంటినీ వేరువేరు పత్రాలుగా లెక్కించింది.

ఇంకా జరుగని పని

ఇంతవరకు చెప్పినదానిలో ఒక దారము మీరు గమనించే వుంటారు. నిర్ణయము, వాగ్దానము, అనుమతి, ప్రయత్నము – వీటి వెంట వచ్చే ‘టు’ క్రియ చాలావరకు ఇంకా జరుగని పని. ‘ఫెయిల్యూర్ టు పే’ అన్నప్పుడూ చెల్లింపు జరుగలేదు. ‘టు లెట్’ ఇల్లూ అద్దెకు పోలేదు, పోయిననాడు బోర్డు దించుతారు. ఫస్ట్, లాస్ట్, ఓన్లీ అన్న మాటలు చేరినప్పుడు మాత్రము ఈ లెక్క తప్పుతుంది. 1991లో పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రి అయినప్పుడు, ఆ పదవి పొందిన మొదటి దక్షిణాదివారని చెప్పడానికి ఇంగ్లీషులో ‘ది ఫస్ట్ సౌత్ ఇండియన్ టు బికమ్’ అంటారు. అది జరిగిపోయిన పని. ఈ కొద్ది మినహాయింపు పోగా, నామము వెంట ‘టు’ కనబడితే, “ఈ పని అయిందా, కావలసి వున్నదా?” అని ఒకసారి ఆగి అడగడము మంచిది.

ఈ ప్రశ్న అడగనివారు ఇల్లు కొనేటప్పుడు నష్టపోతారు. ‘అగ్రిమెంట్ టు సెల్’ అంటే అమ్ముతానన్న ఒప్పందము. అమ్మకము కాదు. 1882నాటి ఆస్తి బదిలీ చట్టము 54వ సెక్షను ప్రకారము, అమ్మకపు ఒప్పందము తనంత తానుగా ఆ ఆస్తిమీద ఏ హక్కునూ పుట్టించదు. నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మకమునకు రిజిస్టరు అయిన దస్తావేజు కావలె. స్టాంపు కాగితముమీద అగ్రిమెంటు వ్రాయించుకొని, అడ్వాన్సు చెల్లించి, “ఇల్లు మనదయింది” అని బంధువులకు మిఠాయి పంచేవారు వున్నారు. ఆ కాగితములో వున్న చిన్న ‘టు’ను వారు చూడలేదు. సరకుల అమ్మకానికి సంబంధించిన 1930నాటి చట్టముకూడా ‘సేల్’ వేరు, ‘అగ్రిమెంట్ టు సెల్’ వేరు అని స్పష్టముగా విడదీసింది.

మనకు సంబంధించిన రెండు ‘టు’లు

చివరకు మన అందరి యింటి సంగతికి వస్తాము. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగములో హక్కు అన్న మాట వెంట తుమర్థకాలు బారులు తీరి వున్నవి. సంఘాలు పెట్టుకొనే హక్కు, దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కు, ఎక్కడనైనా నివసించే హక్కు – ఇంగ్లీషు మూలములో ఇవన్నీ ‘రైట్’ అన్న నామానికి తగిలిన ‘టు’ క్రియలే. మన తాతముత్తాతలు వచ్చి స్థిరపడిన ఈ వూళ్ళలో మనము నేడు సంఘము పెట్టుకొని పత్రిక నడుపుకొంటున్నామంటే అది ఆ హక్కులను వాడుకోవడమే.

అందులో 29వ అధికరణము, తమకంటూ ప్రత్యేకమైన భాష, లిపి లేక సంస్కృతి గల పౌరులకు వాటిని కాపాడుకొనే హక్కు వున్నదంటుంది. మూలములో ‘రైట్ టు కన్జర్వ్’. ఇక్కడ పైన చెప్పిన రెండు ప్రశ్నలూ వేసి చూడండి. పని అయిందా, కావలసి వున్నదా? కావలసి వున్నది. హక్కు ఇచ్చినారు, కాపాడడము హక్కుతోపాటు మూటగట్టి ఇవ్వలేదు. ఎవరు చేసే పని? హక్కు ఎవరిదో వారు చేసేది. అనగా మనము.

1956లో ఏడవ సవరణద్వారా చేరిన 350-ఎ అధికరణము మరొక విధమైనది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయాలు కల్పించడమునకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా పూనుకోవలెనని దాని తాత్పర్యము. ఇంగ్లీషులో ‘ఎండెవర్’ అన్న నామమునకు ‘టు ప్రొవైడ్’ తగిలి వున్నది. రెంటి నడుమ పదకొండు మాటలు అడ్డము వున్నవి గనుక తొందరపడి చదివేవారికి ఆ లంకె కనబడదు. ఇక్కడ చేయవలసినవారు ప్రభుత్వమువారు. అయితే ‘కల్పిస్తారు’ అని లేదు, ‘కల్పించే ప్రయత్నము’ అని వున్నది. ప్రయత్నమునకూ కల్పనకూ మధ్య ఆ చిన్న ‘టు’ నిలబడి వున్నది. దానిని దాటించడానికి మహజరు పెట్టుకోవలసినదీ, అడగవలసినదీ, తెలుగు తరగతి పెడితే పిల్లలను పంపవలసినదీ మళ్ళీ మనమే.

ఈ భాగమంతా ఆ అమ్మాయికి చెప్పలేదు. ఏడవ తరగతి పిల్లకు రాజ్యాంగము ఎక్కువ బరువని ఊరుకొన్నాము. కాని ఆమె నోటుపుస్తకము మూసి లేస్తూ, “అయితే తాతగారూ, ‘టు’ వున్నదంటే పని ఇంకా మిగిలి వున్నదన్నమాట” అన్నది. నాలుగు మాటలలో మా వ్యాసమంతా చెప్పి వెళ్ళిపోయింది.

పాఠకులు తమ యింటి పిల్లలకు పైన వ్రాసిన జంటలు నేర్పవలెనని మా మనవి. వాటితోపాటు వారానికి ఒక పుట తెలుగుకూడా వారిచేత పైకి చదివించవలెను. మొదటిది పరీక్షలో మార్కులు తెస్తుంది. రెండవది మనకు హక్కుగా వ్రాసిపెట్టినా, మనము చేయనిదే జరుగని పని.